మంగాయమ్మ ఉప్పు ఎర

దిండి రేవు నుంచి అంతర్వేది దాకా గేలాలు వేసేవాళ్ళందరికీ మంగాయమ్మ ఉప్పు ఎర తెలుసు. వేటకెళ్ళేది ఆవిడ కాదు, ఆవిడ మొగుడు గంగయ్య. పొడుగాటి తాడుకి వరసగా గేలాలు కట్టి, ఒక్కోదానికీ ఒక్కో చిన్న చేప గుచ్చి, సాయంత్రం గోదాట్లో వదిలి వచ్చేవాడు. తెల్లారి తాడు లాగితే జెల్లలుండేవి, అదృష్టం బాగుంటే పండుగప్ప ఉండేది. ఎండాకాలం ఎరకి కరువు లేదు. వరదల రోజులొస్తేనే చిక్కు. ఎర్రనీళ్ళు ఉరకలేస్తూ వస్తుంటే చిన్న చేపలు వలకి అందవు. పెద్ద జెల్లలు ఒడ్డుకి దగ్గరగా వచ్చేది మాత్రం సరిగ్గా అప్పుడే. అంచేత ఎండల్లో దొరికిన చిన్న చేపల్ని వానాకాలం దాకా దాచుకోవాలి. ఆ దాచడం మంగాయమ్మ పని.

ఉప్పు అందరూ వేస్తారు. కానీ చాలామంది ఎర శ్రావణమాసం వచ్చేసరికి మెత్తబడిపోయి, గేలానికి గుచ్చగానే ఊడి నీళ్ళపాలయ్యేది. మంగాయమ్మది అలా ఊడేది కాదు. చేప మెరుపు తగ్గకముందే, పొట్ట చీల్చకుండా, అడుగున చిల్లున్న కుండలో ఒక వరస చేపలు, ఒక వరస కల్లుప్పు పేర్చి పైన రాయి పెట్టేది. ఊరిన నీళ్ళన్నీ కారిపోయాక తీసి, తాటాకు చాప మీద నీడన ఆరబెట్టేది. వేళ్ళతో వంచితే విరక్కుండా వంగుతున్నప్పుడే మళ్ళీ కొత్త ఉప్పులోకి ఎక్కించి, కుండ మూతికి గుడ్డ కట్టేసేది.

"పూర్తిగా ఎండిపోతే చెక్కయిపోద్ది, గేలం దిగదు. తడుంటే పురుగు పడద్ది," అనేది అడిగినవాళ్ళతో. దాచుకోడానికి అందులో ఏముంది అన్నట్టు అందరికీ చెప్పేది. అయినా వానాకాలంలో ఆవిడుండే చేపలవాళ్ళ పాలెంలో మగవాళ్ళు ఎర కోసం ఆవిడ గుమ్మంలోకే వచ్చేవారు.

డెబ్భై ఆరు వేసవిలో కాలవలు కట్టేసేరు. ఏటా జరిగేదే. మరమ్మతుల కోసం పైనుంచి నీళ్ళు ఆపేస్తే కాలవంతా ఎండిపోయి, లాకుల దగ్గర పల్లంలో మాత్రం మడుగు మిగిలేది. కాలవలో బతికిన చేపలన్నీ అందులోకి చేరేవి. మంగాయమ్మ ఏడాది ఎరలో సగం ఆ మడుగులోంచే వచ్చేది.

ఆ వేళ పొద్దున్నే బుట్టా, చిన్న వలా పట్టుకుని లాకుల దగ్గరికి వెళ్ళింది. గట్టెక్కి కిందకి చూసి అలా నిలబడిపోయింది. మడుగంతా తెల్లగా ఉంది. పరిగెలు, చందమామ చేపలు, వేలెడేసి జెల్ల పిల్లలు పొట్టలు పైకి తిప్పి తేలుతున్నాయి. నీళ్ళు కనపడ్డం లేదు.

అలాంటిది ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు. దిగి ఒక చేప తీసి మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉంది. అంటే చచ్చి ఎంతోసేపు కాలేదు. ముందురోజు ఎండ నేల పగిలేలా కాసింది. లోతులేని నీళ్ళు కాగిపోయి చేపలు చావడం అంతకుముందు చిన్న గుంటల్లో చూసింది. అదే అయ్యుంటుందనుకుంది. కిరసనాయిలు లాంటి వాసనేదో సన్నగా తగిలింది. లాకులు తీసే మనిషి లాంతరు ఎక్కడో ఒలికిపోయిందనుకుంది. వల అక్కర్లేకుండా బుట్టతోనే ముంచుకుంది. సంతోషానికి బుట్ట బరువు కూడా తెలీలేదు.

దారిలో కాలవగట్టు మీదే దేవసహాయం మాస్టారి ఇల్లు. ఆయన ఎలిమెంటరీ బడిలో పంతులు. భార్య సువర్ణ గుమ్మంలో అంట్లు తోముకుంటోంది. బడి సెలవులని పిల్లలు అమలాపురంలో అమ్మమ్మగారింట్లో ఉన్నారు.

"ఏంటక్కా, బుట్ట నిండా తెచ్చేవు?" అంది సువర్ణ.

"పరిగెలమ్మా. గిన్నె పట్రా, మాస్టారికి వేపుడు చేసిపెట్టు."

రెండు దోసిళ్ళు గిన్నెలో పోసి ఇంటికొచ్చింది.

వాకిట్లో చాప మీద చేపలు కుమ్మరించి, పెద్దా చిన్నా వేరుచేసేసరికే పొద్దెక్కింది. ఇక కుండలోకి ఎక్కిస్తోంది. కోళ్ళు చుట్టూ మూగేయి. చేత్తో తోలుతూనే ఉంది, అవి పొడుచుకుపోతూనే ఉన్నాయి. కుండ సగం నిండేసరికి ఎర్రపెట్ట ఒకటి మెడ వెనక్కి విరుచుకుని గిరగిరా తిరిగింది. పాము కరిచిందేమోనని లేచింది మంగాయమ్మ. అది రెక్కలు కొట్టుకుంటూ పక్కకి పడింది. దాని వెనకే పుంజు పడింది. చెట్టు మీంచి దిగి చేప ఎత్తుకుపోయిన కాకి కూడా వచ్చి పెరట్లో దభీమని పడింది.

చేతులకి ఉప్పంటుకుని అలాగే నిలబడిపోయింది. ఏం జరుగుతోందో బుర్రకెక్కలేదు.

అప్పుడే మరిది బుల్లబ్బాయి సైకిలు దిగేడు. గంగయ్య తమ్ముడు, పాతికేళ్ళవాడు. రాజోలు మార్కెట్టు నుంచి వస్తున్నాడు, కారియరుకి ఖాళీ బుట్ట కట్టి ఉంది. చాప మీద చేపల్నీ, పడున్న కోళ్ళనీ చూసేడు. సైకిలు స్టాండు వెయ్యలేదు. చెయ్యి వదిలేస్తే అదే పడిపోయింది.

"వదినా, ఇవెక్కడివి?"

"లాకు మడుగులోవిరా. ఎండకి..."

"ముట్టుకోకు వదినా! ముట్టుకోకు."

"ఏవైందిరా?"

వాడు నేల మీద చతికిలబడ్డాడు. "చీకటితో లేచెళ్ళి ఎండ్రిన్ పోసేను. కొర్రమేనుల కోసం. పెద్దవి ఏరుకుని పోయేను. చిన్నవి ఎవరిక్కావాలిలే అనుకున్నాను. నువ్వెళ్తావనుకోలేదు వదినా."

వరి చేలల్లో పురుక్కి కొట్టే మందు. ఆ రోజుల్లో ఊళ్ళల్లో ఎవరైనా చావాలనుకుంటే తాగేది అదే. మంగాయమ్మ వాడి నోటివంకే చూస్తోంది. మాటలు చెవిలో పడుతున్నాయి గానీ లోపలికి దిగడం లేదు. ఉన్నట్టుండి "సువర్ణా!" అని కేక పెట్టి పరిగెత్తింది. తడబడి లేచి వెనకే బుల్లబ్బాయీ పరిగెత్తేడు.

మాస్టారు అప్పుడే విస్తరి ముందునుంచి లేచి చెయ్యి కడుక్కుంటున్నారు. రొప్పుతూ వచ్చిన మంగాయమ్మని చూసి నవ్వేరు.

"రండి మంగాయమ్మగారూ. చేపలు చాలా బావున్నాయండీ."

సువర్ణ తన కంచంలో అన్నం పెట్టుకుని, పక్కన వేపుడు వేసుకుని, వంటింటి గడప దాటుతోంది. మంగాయమ్మ ఒక్క ఉదుటున వెళ్ళి ఆ కంచాన్ని చేత్తో కొట్టింది. అన్నం గోడంతా చిమ్మింది.

"అక్కా! ఏంటిది?"

"మందమ్మా! చేపల్లో ఎండ్రినుంది! మా వెధవ మడుగులో పోసేడంట. నాకు తెలీదమ్మా, తెలీక ఇచ్చేను!"

మంగాయమ్మ చెంబుడు నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపి, "తాగండి మాస్టారూ, కక్కెయ్యండి" అని నోటికి పెట్టింది. ఆయన తాగి, వాంతి చేసుకున్నారు. ఇంకో చెంబు తాగేరు. "ఫరవాలేదు సువర్ణా, తగ్గిపోద్ది" అంటుండగానే కుడిచెయ్యి ఎగిరెగిరి పడ్డం మొదలెట్టింది. ఆ చేతివంక ఆయనే వింతగా చూసుకున్నారు. తర్వాత పళ్ళు కరుచుకుపోయేయి.

రోడ్డు మీద కొబ్బరికాయల లారీకి అడ్డంగా బుల్లబ్బాయి చేతులు చాచి నిలబడ్డాడు. మాస్టార్ని కాయల మీద పడుకోబెట్టి, సువర్ణ తల పట్టుకుంటే మంగాయమ్మ కాళ్ళు పట్టుకుంది. ఎగిరిపడే ఆ కాళ్ళు ఆపడానికి ఆవిడ వాటి మీద పడుకోవలసొచ్చింది. సువర్ణ ఏడవడం లేదు. "ప్రభువా, ప్రభువా" అన్నమాట తప్ప ఆవిడ నోట్లోంచి ఇంకేం రావడం లేదు.

రాజోలు ఆసుపత్రిలో డాక్టరుగారు ముక్కులోంచి గొట్టం వేస్తూ, "ఏం తిన్నాడు? ఎక్కణ్ణించి వచ్చింది?" అని అరిచేరు.

"చేపలండీ. నేనే ఇచ్చేనండీ. మా మరిది కాలవలో ఎండ్రిన్ పోసేడండీ," అంది మంగాయమ్మ. వరండా నిండా జనం. కబురంది సైకిలు మీద వచ్చిన గంగయ్య కూడా ఆ జనంలోనే ఉన్నాడు. పెళ్ళాం నోటివెంట ఆ మాట విని రాయిలా అయిపోయేడు.

సూదిమందులు పడ్డాక వణుకు తగ్గుముఖం పట్టింది. బతుకుతాడనే అనుకుంటున్నానన్నారు డాక్టరుగారు. మంగాయమ్మ వరండా మెట్ల మీద కూలబడింది. అప్పుడు తట్టింది ఆవిడకి. తలెత్తి బుల్లబ్బాయిని చూసింది.

"ఒరేయ్, కొర్రమేనులేవీ?"

వాడు గోడకి చేరబడి కిందకి జారిపోయేడు.

"నిన్నేరా అడుగుతున్నాను. పెద్దవి ఏరేనన్నావుగా. ఏం చేసేవు?"

"మార్కెట్లో ఇచ్చేసేను వదినా. నూకాలమ్మకి."

ఆవిడ వాడి చొక్కా పట్టుకుని లేవదీసింది. ఇద్దరూ మార్కెట్టుకి పరిగెత్తేరు.

చేపల నూకాలమ్మ బుట్టలు కడిగి బోర్లించి చుట్ట కాల్చుకుంటోంది. విషయం చెబితే చుట్ట చేతిలోంచి జారిపోయింది. "ఓలమ్మో! అన్నీ పోయేయే. ఇంకా కదుల్తున్నాయని ఎగబడి కొన్నారే!"

"ఎవరెవరు?"

"ఎవరని చెప్పనే తల్లీ? బజారుకొచ్చిన జనం. మొహాలు గుర్తుంటాయా నాకు?"

బుల్లబ్బాయి మార్కెట్టు మధ్యలో నిలబడి అరవడం మొదలెట్టేడు. "బాబూ! పొద్దున్న కొర్రమేను కొన్నోళ్ళు తినకండి! మందు చేపలండీ! నేనే పోసేనండీ!" కొందరు నవ్వేరు, తాగేడనుకున్నారు. ఒక పెద్దాయన వచ్చి చెంప మీద కొట్టేడు. తలవంచి దెబ్బ తిని మళ్ళీ అరిచేడు. వీధి వీధికీ తిరిగేరు వదినా మరిదీ. ఒకావిడ పొయ్యి మీది కూర దాకతో సహా తెచ్చి వాడి కాళ్ళ దగ్గర పారబోసింది. ఇంకొకాయన తోమని చేపని అలాగే సంచిలో తెచ్చిచ్చేడు. మిగతావి ఎక్కడికి పోయేయో తెలీలేదు. లాకుల అవతలకీ, పడవెక్కి నరసాపురం వేపుకీ వెళ్ళిపోయిన వాళ్ళుంటారు. పొద్దు వాలేసరికి వాడికి గొంతు పూర్తిగా పోయింది. పెదాలు మాత్రం కదుపుతున్నాడు.

ఇంటికొచ్చి కుండతో సహా చేపల్నీ, కోళ్ళనీ గొయ్యి తీసి పాతిపెట్టి, కుక్కలు తవ్వకుండా పైన ముళ్ళకంప పడేసేరు.

"నాతో చెప్పుంటే మనలో మనం చూసుకునేవాళ్ళం," అన్నాడు గంగయ్య. "అంతమందిలో ఇంటి మనిషి పేరు తీసేవు."

"డాక్టరుగారు అడిగేరు. మాస్టారు కొట్టుకుపోతున్నారు. ఇంకేం చెప్పమంటావయ్యా?"

గంగయ్య పార తీసుకుని లోపలికి వెళ్ళిపోయేడు. ఆ వానాకాలమంతా పెళ్ళాంతో అవసరానికి మించి మాట్లాడలేదు. బుల్లబ్బాయి కాకినాడ వెళ్ళి మరబోట్లలో పనికి కుదిరేడు. పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప పాలెం రాలేదు. వదినకి ఎదురుపడితే తల దించుకునేవాడు. ఆవిడ మాత్రం "అన్నం తిన్నావురా?" అని అడిగేది.

దేవసహాయం మాస్టారు బతికేరు. బడికి మళ్ళీ వెళ్ళేరు. సుద్దముక్క పట్టుకుంటే చెయ్యి వణికేది. మంగాయమ్మ కాళ్ళ మీద పడబోతే, "మీకు తెలిసిచ్చేరా ఏంటండీ, లెండి" అన్నారు. సువర్ణ కూడా పలకరించేది, ములక్కాడలు పంపేది. చేపలు మాత్రం ఆ ఇంటి నుంచి మళ్ళీ ఎప్పుడూ పుచ్చుకోలేదు. మంగాయమ్మ ఇవ్వనూ లేదు.

ఆ ఏడు వరదల్లో ఆవిడ గుమ్మానికి ఎవ్వరూ ఎరకి రాలేదు. మరుసటేడు అంతర్వేది వెళ్ళి కవళ్ళనే చిన్న సముద్రపు చేపలు తెచ్చింది. ఉప్పెయ్యబోయే ముందు బుట్టలోంచి ఒక చేప తీసి, నిప్పుల మీద కాల్చి, తినేసి, అరుగు మీద కూచుంది. గంగయ్యకి అర్థమై ఒంటికాలి మీద లేచేడు.

"నీకేవైనా మతి పోయిందా?"

"ఏవీ కాకపోతే ఉప్పేస్తాను," అంది.

మధ్యాహ్నం దాకా అలాగే కూచుని, అప్పుడు లేచి కుండ ముందేసుకుంది. అప్పట్నుంచి ఏ బుట్ట వచ్చినా అంతే. కొన్నేళ్ళకి మగవాళ్ళు మళ్ళీ ఎరకి రావడం మొదలెట్టేరు. ఎనభై ఆరు వరదకి ఇల్లు సగం కొట్టుకుపోయి, ఆ మరుసటేడు గంగయ్య పోయేదాకా ఆ కుండలు నడిచేయి.

ఒక్కటి మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. రాజోలు వేపు మనిషి ఎవరు పక్కన కూచున్నా, కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, "డెబ్భై ఆరు ఎండల్లో మీ ఇళ్ళల్లో ఎవరికీ ఒంట్లో బాగోలేకపోవడం అవీ జరగలేదు కదండీ?" అని అడిగేది. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసేవారు. ఎవరికీ గుర్తుండేది కాదు.

గంగయ్య పోయిన ఏడాదే, అమలాపురం బస్సులో పక్కన కూచున్న రాజోలావిడ అదే ప్రశ్నకి వేళ్ళు లెక్కపెట్టుకుని, "ఆయ్, మా అత్తగారు ఆ ఏడే పోయేరండీ. వైశాఖమాసం," అంది.

మంగాయమ్మ ముందు సీటు కమ్మీ పట్టుకుంది. "ఏవైందండీ?"

"ఏవీ లేదండీ. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నారు, మళ్ళీ లేవలేదు. పెద్దావిడ కదండీ."

ఏం తిన్నారని అడగడానికి నోరు తెరిచింది మంగాయమ్మ. అడగలేకపోయింది. బస్సు ఆగితే, తన ఊరు కాకపోయినా, అక్కడే దిగిపోయింది.