ముళ్ళు లేని చేప

కారెక్కగానే మా అమ్మాయి రూల్స్ మొదలుపెట్టింది.

"నాన్నా, ప్లీజ్. చేత్తో తినొద్దు. గట్టిగా త్రేన్చొద్దు. ఎవర్నీ శాలరీ అడగొద్దు."

తను పెళ్ళి చేసుకోబోయే అమెరికన్ కుర్రాడి తల్లిని మా ఆవిడా, నేనూ కలవడం అదే మొదటిసారి. ఆఫీసులో పదిమందిని గడగడలాడించే పిల్ల ఆరోజు నన్ను బతిమాలింది. సరేనమ్మా, నోరెత్తను అన్నాను. నాకది చాలా కష్టమైన పని.

మేముండే ట్రాయ్ ఊరి నుంచి మొక్కజొన్న చేల మధ్య గంటసేపు డ్రైవ్ చేశాం. ఆ రెస్టారెంటు ఒకప్పుడు గుర్రాల కొట్టమట. గుర్రాల్ని పంపించేసి, గోడల మకిలి మాత్రం భద్రంగా ఉంచి, దాని మీదికి లైట్లు తిప్పారు. కోట్లు వేసుకున్న పెద్దమనుషులంతా లోపల బుద్ధిగా కూర్చున్నారు. చిన్నప్పుడు పశువుల కొట్టంలో కూర్చుని జంతిక తిన్నందుకే మా నాయనమ్మ నా వీపు విమానం మోత మోగించింది.

కుర్రాడూ, వాళ్ళమ్మా అప్పటికే వచ్చి కూర్చున్నారు. అక్కడ ఫిష్ అండ్ చిప్సే తినాలని ఆవిడ అందరికీ అదే ఆర్డర్ చేసింది. మెనూలో ఆ చేప గురించి ఓ పేరా రాశారు. ఏ సముద్రంలో పుట్టింది, ఎవరు పట్టారు, ఏ బీరు కలిపిన పిండిలో ముంచారు. కాబోయే అల్లుడి గురించి కూడా మా అమ్మాయి మాకు ఇన్ని వివరాలు చెప్పలేదు.

ప్లేట్లు వచ్చాయి. న్యూస్ పేపర్‌లా కనబడేటట్టు అచ్చువేయించిన కాగితం, దాని మీద చేప. రాజమండ్రిలో మిరపకాయ బజ్జీలు నిజం పేపర్లోనే కట్టిచ్చేవాళ్ళు. తిన్నాక చదువుకోవడానికి సగం వార్తయినా మిగిలేది. ఇందులో అక్షరాలు తప్ప విషయం లేదు.

"చాలా బాగుంది" అన్నాను కుర్రాడి తల్లితో. ఇక చాలన్నట్టు మా ఆవిడ బల్ల కింద నా కాలు తొక్కింది.

ఆ తల్లి ఈ ఏటి చలి గురించి చెబుతోంది. నేను తలాడిస్తున్నాను. అంతా సజావుగా నడుస్తోంది. అంతలో మా అమ్మాయి చేపముక్క విరిచి నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఆగు!" అని అరిచాను. ఆ ముక్క అప్పటికే నా చేతిలో ఉంది.

మా అమ్మాయికి మూడేళ్ళప్పుడు చేపముల్లు గొంతులో ఇరుక్కుంది. అన్నం ముద్దలు మింగించినా దిగకపోతే, దాన్ని ఎత్తుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తాం. ఆనాటి నుంచీ ఇంట్లో దాని చేప నా వేళ్ళు దాటకుండా నోట్లోకి వెళ్ళలేదు. ఇక్కడా అంతే. ముక్కని నలిపి, వెతికి, దాని ప్లేట్లో పెట్టాను. అప్పుడు తలెత్తి చూశాను.

అందరూ నా వేళ్ళకేసే చూస్తున్నారు. వెయిటర్ వంగి, మా చేపలో ముళ్ళుండవు సర్ అన్నాడు. మా అమ్మాయి మొహం కందిపోయింది. ఛీ, నా బతుకు! ఉన్నవే మూడు రూల్స్, అందులో మొదటిదే తప్పాను.

"సారీ అమ్మా" అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

కుర్రాడు తన ప్లేటు నా ముందుకి జరిపాడు. "నాది కూడా చూస్తారా?" అన్నాడు ఇంగ్లీషులో. ఎగతాళేమోనని మొహంలోకి చూశాను. కాదు, పాపం ఆకలిగా ఉన్నాడు.

ముక్క విప్పాను. తోకవైపు వేలికి ఏదో తగిలింది. తీసి ప్లేటు అంచున పెట్టాను. సూదంత ముల్లు. వెయిటర్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు, కిచెన్‌లోకి వెళ్ళిపోయాడు.

కుర్రాడి తల్లి ఫోర్కు కింద పెట్టేసింది. మా అమ్మాయి కూడా పెట్టేసింది. నేను నలిపిన ముక్కని చేత్తోనే తీసి నోట్లో పెట్టుకుంది. నములుతూ, నలుగురిలో ఎన్నడూ తెలుగు మాట్లాడని పిల్ల, అందరికీ వినబడేలా అంది:

"నాన్నా, ఆంటీది కూడా చూడు."