వీరస్వామి చొక్కా తాకిన గులాబీ బంతి

ఇంట్లో ఇన్ని నోళ్లున్నాయి. సినిమావాళ్ల విడాకుల గురించి అడుగుతారు, ఎదురింటి కుక్కకి ఆ పేరెవరు పెట్టారని అడుగుతారు. పక్క వాటాలో అన్నేళ్లు ఉన్న వీరస్వామి గురించి ఒక్కరంటే ఒక్కరు అడిగారా? ఆయన తెచ్చిన సీతాఫలాలు తిని గింజలు ఆయన గుమ్మంలోనే ఉమ్మినవాళ్లు మీరు. స్నిగ్ధా, ఆ ఫోను అవతల పెట్టి రాయి. అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టు రాయి, నీ తెలివి కలపకు.

వీరస్వామిది జనగామ వైపు. రైతు బిడ్డ, రైల్వేలో ఫిట్టరు. మెట్టుగూడ క్వార్టర్లలో ఉన్నప్పుడు దగ్గర్లోని ఒక క్లబ్బులో స్నూకర్ అంటుకుంది. పచ్చ బట్ట పరిచిన బల్ల, రంగురంగుల బంతులు. పొడుగాటి కర్రతో తెల్లబంతిని పొడిస్తే, అది వెళ్లి మిగతావాటిని రంధ్రాల్లో పడెయ్యాలి. అంతే ఆట. దానికోసం మనిషి అన్నం మరిచిపోతాడా అంటే, ఈయన మరిచిపోయేవాడు. తార్నాకలో మా పక్క వాటాలోకి వచ్చాక మా డైనింగు బల్ల మీద నిమ్మకాయలు పేర్చి గురి చూసేవాడు. ఆ వారమంతా మాకు పులిహోరే.

ప్రతి ఏడూ రాష్ట్ర ప్రొఫెషనల్ ఛాంపియన్‌షిప్‌కి పేరిచ్చేవాడు. ప్రతి ఏడూ మొదటి మ్యాచ్‌లోనే ఓడి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేవాడు. ఆయన భార్య సమ్మక్క అనుమానమే పెట్టుకోకుండా ఆయనకీ కలిపి బియ్యం పోసేది.

సకల జనుల సమ్మె జరిగిన ఏడు సమ్మక్కకి విసుగెత్తింది. ఆయనకి అప్పుడు యాభై తొమ్మిది.

"ఈపారి మొదటి మ్యాచ్ గెల్వకపోతే ఇగ ఆడుడు బంద్. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్" అంది.

"నీ నెత్తెందుకే, నా నెత్తి మీద నేనే ఏస్కుంట."

"నీ నెత్తిల ఏమున్నది ఒట్టెయ్యనీకి?"

వేశాడు పాపం. వేశాక ముఖం చూడాలి, ఆస్తి రాసిచ్చినవాడిలా ఉన్నాడు.

పోటీలు ఆ ఏడు యూనివర్సిటీ క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న ఒక హాల్లో పెట్టారు. మ్యాచ్ రోజు నేనూ సమ్మక్కా ఆయన వెంట బయల్దేరాం. ఆటకి ఒక వేషం ఉంటుంది. తెల్ల చొక్కా, నల్ల కోటు, మెడకి సీతాకోకచిలుకలాంటి టై. చేతిలో కర్ర పెట్టిన పొడుగు పెట్టె. తార్నాక చౌరస్తాలో లాయర్లు నల్లకోట్లతో ధర్నాకి కూర్చున్నారు. పోలీసులు వాళ్లని వ్యాను ఎక్కిస్తూ, వెనకనుంచి వస్తున్న వీరస్వామిని కూడా పట్టుకున్నారు.

"వకీల్ సాబ్, మీరూ ఎక్కుండ్రి."

"నేను వకీల్‌ని గాదు సార్, ప్లేయర్‌ని."

"పెట్టెల ఏమున్నది?"

తెరిస్తే కర్ర.

"ఇది లాఠీ గాదా?"

"మీ లాఠీ ముందు గిదెంత సార్. ఈగని కొట్టినా గిదే ఇరుగుతది."

పోలీసాయన నమ్మేలా లేడు. నేను అడ్డం వెళ్లాను. "బాబూ, ధర్నాకి వచ్చేవాడు మెడకి ఇలాంటిది కట్టుకుని వస్తాడా? ఒకసారి సరిగ్గా చూడు" అన్నాను. సరిగ్గా చూశాడు. చూసి నవ్వాపుకోలేక వదిలేశాడు.

నాలుగడుగులు వేశామో లేదో, రోడ్డు మధ్యలో వంటావార్పు. పొయ్యిలు పెట్టి, డేగిశాల్లో వండి, దారిన పోయేవాళ్లందరికీ పెడుతున్నారు. తినకుండా కదలనివ్వరు. పరుశురాం అని హాస్టల్ కుర్రాడు గరిటెతో అడ్డం నిలబడ్డాడు.

"రెండు బుక్కలు తిని పో కాకా. తినకుంట పోతే తెలంగాణ వద్దన్నట్టే."

"నేను వద్దంటనా బిడ్డా? మ్యాచ్ ఉన్నది, టైమైతున్నది."

"ఎవరితోని?"

"రవికాంత్ అని, రామంతాపూర్ పిలగాడు. వాళ్లది తెనాలి."

అంతే. గరిటె పక్కవాడి చేతిలో పెట్టి, "మనోడు ఆంధ్రోనితో ఆడుతుండురా" అని కేకేశాడు. హాలుకి చేరేసరికి మా వెనక పది పదిహేను మంది. సమ్మక్క ఒక్కతే చల్లగా ఉంది. వీరస్వామి చొక్కా మీద సాంబారు పడకుండా తన కొంగు అడ్డంపెట్టి రెండు ముద్దలు తినిపించే తీసుకొచ్చింది. ఇక నేను ఎవరి వైపు అంటే, మాదీ తెనాలి పక్కనే. నోరు మూసుకుని కూర్చున్నాను, అదే నాకు కష్టం.

వీరస్వామి కోటు విప్పేసి ఆటకి దిగాడు. ఐదు ఆటల్లో మూడు గెలవాలి. చెరి రెండు అయ్యాయి. ఐదో ఆటలో బల్ల మీద గులాబీ బంతి, నల్ల బంతి మిగిలాయి. వీరస్వామి నాలుగు పాయింట్లు ముందున్నాడు. గులాబీకి ఆరు పాయింట్లు, నల్లదానికి ఏడు. గులాబీది పడితే ఆయన గెలిచినట్టే. తన పార్టీ రంగు బంతి అని పరుశురాం అప్పుడే చేతులు రుద్దుకుంటున్నాడు.

అప్పుడే క్యాంపస్ గేటు దగ్గర బాష్పవాయువు వదిలారు. కిటికీల్లోంచి హాల్లోకి వచ్చింది. అందరం కళ్లు నులుముకుంటున్నాం. రవికాంత్ ముఖం రుమాల్లో ఉంది, రిఫరీ గోడవైపు తిరిగి దగ్గుతున్నాడు. వీరస్వామి మాత్రం కన్నీళ్లు కార్చుకుంటూనే బల్ల మీదికి వంగాడు. కొట్టబోయి, కర్ర వెనక్కి తీసుకుని లేచి నిలబడ్డాడు.

"సార్, నా చొక్కా చెయ్యి గులాబీ బంతికి తాకింది. ఫౌల్ రాసుకోన్రి."

ఆ ఆటలో అది మర్యాదట. ఎవరూ చూడకపోయినా తప్పు చేసినవాడే చెప్పాలట. మర్యాద ఖరీదు ఆరు పాయింట్లు, అవీ అవతలివాడికి.

రవికాంత్ మంచి పిల్లాడు. "అంకుల్, నేను చూడలేదు. రిఫరీగారూ చూడలేదు. వదిలేసి ఆడండి" అన్నాడు.

"నేను చూసిన గదా."

పరుశురాం తల పట్టుకున్నాడు. "ఎవడడిగిండే నిన్ను? మన నోటికాడి ముద్ద తీసి వాళ్లకు పెడుతవా కాకా?"

"అది మన ముద్ద గాదురా. మనది మనకు గావాలె అనుకుంట రోడ్ల మీద వండుకుంటున్నం. గీ పిలగానిది నేనెట్ల గుంజుకుంట?"

హాలంతా దగ్గులే వినిపించాయి. రిఫరీ ఆరు పాయింట్లు అటు వేశాడు. రవికాంత్ వచ్చి గులాబీ, నల్ల రెండూ పడేసి, చెయ్యి కలిపి, తలొంచుకుని వెళ్లిపోయాడు.

దారిలో సమ్మక్క ఏడ్చింది. "గ్యాస్‌కా, ఓడినందుకా?" అని అడిగాను. "నా ఒట్టుకక్కా. నిజంగ ఇడిశిపెడ్తడు ఈన" అంది.

నిజంగానే విడిచిపెట్టాడు. తర్వాత కర్ర పట్టుకోలేదు. కానీ ఆ వారమే పరుశురాం ఇంటికొచ్చాడు. హాస్టల్ వాళ్లూ, ఆంధ్రా పిల్లలూ తార్నాక స్నూకర్ పార్లర్‌లో ఆడుతూ ఒక ఫౌలు గురించి కొట్టుకునేలా ఉన్నారట. వచ్చి తేల్చమన్నాడు. "కాకా మాటైతే రెండు దిక్కులా నమ్ముతరు" అన్నాడు. వీరస్వామి చెప్పులేసుకున్నాడు.

"ఒట్టేసినవు గదా" అని సమ్మక్క గుమ్మంలో నిలబడింది.

"ఆడనన్న. చూడనన్ననా?"

ఆవిడ తప్పుకుంది. అప్పట్నుంచి ఎక్కడ తగువొచ్చినా ఆయన్నే పిలిచేవాళ్లు. రిటైరయ్యాక మరీను. చేతులు వెనక కట్టుకుని బల్ల చుట్టూ తిరిగేవాడు. రాష్ట్రం వచ్చింది, రెండు దిక్కుల పిల్లలూ ఉద్యోగాలకి పోయారు, కొత్తవాళ్లు వచ్చారు. ఈయన తిరుగుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం మాత్రం మానేశాడు. సమ్మక్క తిట్టుకుంటూ డబ్బా పంపేది.

చనిపోయేనాటికి వీరస్వామికి అరవై ఏడేళ్లు.