నర్సమ్మ పుట్టగొడుగుల చోటు

రోలుగుంట కొండల మీద ఈ రాత్రి ఉరిమిందంటే, రేపు పొద్దున్నే అనకాపల్లి కూరగాయల మార్కెట్లో అప్పలనర్సమ్మ ఉంటుంది. తొలి బస్సు దిగి, వంకాయలమ్మే బంగారయ్య పక్కన గోనెపట్టా పరిచి, ఆకుల పొట్లాలు విప్పుతుంది. వాటినిండా పుట్టగొడుగులే. ఇరవై ఏళ్లుగా అదే చోటు. ఆవిడ లెక్కలో పుట్టగొడుగులు మూడే రకాలు: కొండవి, పుట్టవి, ముట్టకూడనివి. ఆవిడ దగ్గర కొన్న ఎవరికీ ఇంతవరకు కడుపునొప్పి కూడా రాలేదు.

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. నోరు మూసుకుని కూర కొనుక్కోవడం నాకు చేతకాదు. శ్రావణమాసంలో ఒకరోజు, బెల్లం వ్యాపారుల ఇంటి కోడలు కన్యక ఓ పొట్లం చేతిలోకి తీసుకుని, "ఇవి కూరగాయల్లోకే వస్తాయి కదా?" అని అడిగింది. అడిగింది నర్సమ్మని. జవాబు చెప్పింది నేను.

"ఒకప్పుడు మొక్కల్లోనే కలిపేవారండీ. ఇప్పుడు వీటిది వేరే రాజ్యం, శిలీంధ్రాలంటాం. మొక్కల్లా ఎండలో సొంత తిండి తయారుచేసుకోలేవు. ఆ మాటకొస్తే మొక్కలకన్నా జంతువులకే దగ్గర చుట్టాలు."

కన్యక ఆ పొట్లాన్ని కాలుతున్న గిన్నెలా కింద పెట్టేసింది. గంటలో సంగతి వరసంతా తెలిసిపోయింది. కూరగాయల వరసలో కోడిగుడ్డు కూడా పెట్టకూడదని అక్కడి కట్టుబాటు.

"ఏటనుకోకు నర్సమ్మా," అన్నాడు బంగారయ్య. "సదువుకున్నోళ్లే జంతువులకి సుట్టాలంతన్నారు. రేపట్నించి సేపలకాడ కూకో."

చేపల వరసలో, పూడిమడక నుంచి చేపలు తెచ్చే పైడితల్లి చోటిచ్చింది. మంచి మనిషే, కానీ అక్కడ పొద్దస్తమానం నీళ్లు. తడి తగిలిన పుట్టగొడుగులు మధ్యాహ్నానికే నల్లబడ్డాయి. ఆవిడ దగ్గర కొనేవాళ్లలో సగంమంది చేపల వాసనకి ఆ వైపే రారు. వరసగా మూడు రోజులు నిండు బుట్టతో తిరిగి బస్సెక్కింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది. నాకు నిజంగా సిగ్గేసింది.

నాలుగో రోజు ఆవిడ బుట్ట నేనే మోసుకొచ్చి బంగారయ్య ముందు పెట్టాను. అప్పటికే వంకాయలు నర్సమ్మ చోట్లోకి జరిగిపోయాయి. ఎదురుగా కన్యక బెండకాయలు ఏరుతోంది.

"ఇవాళ టిఫినేంటండీ?" అని కన్యకని అడిగాను.

"ఇడ్లీ. ఏం?"

"ఆ పిండిని పులియబెట్టింది బాక్టీరియా. జీవులన్నిటినీ మూడు డొమైన్లు, అంటే రాజ్యాలకన్నా పెద్ద గుంపులు, చేశారు. మొక్కలు, జంతువులు, పుట్టగొడుగులు, మనం, అందరం ఒకదాంట్లోనే సర్దుకున్నాం. బాక్టీరియాది వేరే డొమైన్. అంత దూరపువాటితో పులిసింది తింటున్నారు, ఇంట్లోవాళ్లని తినరా?"

కన్యక నవ్వాపుకుంటూ బెండకాయ విరిచింది. బంగారయ్య తల గోక్కున్నాడు.

"ఇంతకీ ఇయ్యి మొక్కలా, జంతువులా, అది సెప్పండి పంతులమ్మగారూ."

"రెండూ కాదు."

"రెండూ కాపోతే ఏ వరసలో కూకోబెట్టమంతారు?"

అప్పుడు నర్సమ్మ నోరు విప్పింది. "రెండూ కాపోతే మాత్రం, కూకోడానికి సోటక్కర్లేదేటి బావా? ఇరవయ్యేళ్లు నీ పక్కనున్నాను."

బంగారయ్య వంగి, వంకాయల రాశిని రెండు చేతులతో వెనక్కి లాక్కున్నాడు. నర్సమ్మ గోనెపట్టా పరిచింది. కన్యక ఓ పొట్లం తీసుకుని, మళ్లీ ఏదో అడగబోయి నావైపు చూసింది. నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను.

నర్సమ్మ నా చేతిలో కూడా ఓ పొట్లం పెట్టింది. "నాను సెప్పుకుంతాను పంతులమ్మగారూ. తవరు ఇంటికెల్లి వండుకోండి."