చాందినీ తల పైకి కట్టిన రోజు

ఇరవై ఏళ్లకు పైగా ఒక మాటను మింగలేక, కక్కలేక తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు పట్టేదా?

తొంభైలలో శంషాబాద్ దగ్గర, ఇప్పుడు విమానాలు దిగే వైపున, పందెపు గుర్రాలను తయారుచేసే ఫారం ఒకటి ఉండేది. అందులో నేను జమేదారును. అంటే సయీసుల మీద పెద్ద. వాళ్లు గుర్రాలను కడిగి, మేపి, నడిపించేవాళ్లు. నేను చేతులు వెనక్కి కట్టుకుని తప్పులు పట్టేవాడిని. తప్పులు పట్టడంలో నన్ను మించినవాడు లేడని గర్వం కూడా ఉండేది.

చాందినీ అనే ఆడగుర్రాన్ని ఎంచింది నేనే. ఈసారి ఇదే గెలుస్తుందని యజమాని ముందు రొమ్ము విరుచుకుని చెప్పిందీ నేనే. దాన్ని చూసుకునే సయీసు ఖాజా.

వేగంగా పరుగెత్తే గుర్రాల్లో కొన్నింటికి ఊపిరితిత్తుల్లో రక్తం కారుతుంది. అది వెంటనే బయటపడదు. గుర్రం తల కిందికి వంచినప్పుడు ముక్కులోంచి జారుతుంది. అందుకే పరుగు అయ్యాక ఖాజా గడ్డిని నీళ్లతో తడిపి నేల మీద వేసేవాడు. చాందినీ తల వంచి తింటుంటే ఎదురుగా గొంతుక్కూర్చుని దాని ముక్కుల వంకే చూసేవాడు. "పెళ్లిచూపులు అయినయా, ఇగ లేస్తవా?" అని ఎగతాళి చేసేవాడిని.

ఒక సోమవారం పొద్దున ఖాజా నన్ను కేకేశాడు. గడ్డి మీద రక్తం. నాలుగైదు చుక్కలే.

ఫారానికి వచ్చే గుర్రాల డాక్టరుకు చెబితే నెలల తరబడి విశ్రాంతి అంటారు. మరి నేను అన్న మాట ఏమవుతుంది? అప్పుడు నా బుర్రలో తిరిగింది అంతే. గుర్రం గురించి కూడా కాస్త ఆలోచించానని రాసుకోవాలని ఉంది, కానీ రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది.

డాక్టరుకు నేను చెబుతానులే అని ఖాజాను గడ్డి మోపులు దించడానికి పంపాను. తడి తువ్వాలుతో చాందినీ ముక్కు తుడిచాను. తాడు పొట్టిగా పట్టి, తల ఎత్తి, గోడకున్న పై కడియానికి కట్టాను. తల పైనుంటే రక్తం ముక్కు దాకా రాదు. గొంతులోకి పోతుంది, గుర్రమే మింగేస్తుంది. ఇదే పని చేసినందుకు అంతకుముందు ఒక సయీసును నలుగురిలో తిట్టినవాడిని నేను. తల వంచనివ్వకపోతే లోపల మిగిలిన రక్తం అక్కడే చెడుతుందని నాకు తెలియదా? తెలుసు.

డాక్టరు గారు ఎప్పటిలాగే తనిఖీకి వచ్చి టార్చి వేసి చూశారు. ముక్కులు పొడిగా ఉన్నాయి. సరేనన్నారు. సాయంత్రం యజమాని వస్తాడని అప్పటిదాకా తాడు విప్పలేదు. ఖాజా మధ్యలో వచ్చి బతిమాలితే కసిరి పంపాను.

గురువారం పరుగులో రెండు ముక్కుల నుంచీ రక్తం వచ్చింది. మర్నాడు ఒళ్లు కాలిపోయే జ్వరం. డాక్టరు గారు దాని దవడ కింద తాడు ఒరుసుకున్న గుర్తును వేలితో తడిమారు.

"తల పైకి కట్టి ఉంచింది ఎవరు?"

"ఖాజా," అన్నాను.

ఎంత తొందరగా వచ్చింది ఆ పేరు నా నోట్లోంచి! ఖాజా బకెట్టు పట్టుకుని అక్కడే ఉన్నాడు. నా వంక చూశాడు. నోరు తెరవలేదు. సయీసు మాట ఎవరు నమ్ముతారనుకున్నాడా? లేక నేనే తప్పు దిద్దుకుని నిజం చెబుతానని ఆగాడా? రెండోదే అయి ఉంటుందని అనిపించినప్పుడల్లా ఒంటరిగా ఉన్నా తల దించుకుంటాను.

ఆ మధ్యాహ్నమే అతన్ని పనిలోంచి తీసేశారు. గేటు దగ్గర నాతో ఒక్కటే అన్నాడు. "జమేదార్ సాబ్, గడ్డి కిందనే వెయ్యున్రి. జర దాని తల వంచనియ్యున్రి."

కిందనే వేశాను. తొమ్మిదో రోజు చాందినీ చనిపోయింది.

ఆ తర్వాత ఖాజాను ఏ ఫారం వాళ్లూ గేటు దాటనివ్వలేదు. గుర్రాలు తప్ప వేరే లోకం తెలియని మనిషి మైలార్‌దేవ్‌పల్లిలో గోదాము మూటలు మోస్తున్నాడని విన్నాను. నేను నోరు విప్పితే చాలు, అతని మంచి పేరు అతనికి తిరిగి వచ్చేది. విప్పలేదు. ప్రతి ఆదివారం చర్చిలో అందరితో కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన మాత్రం గట్టిగా చదివాను. అంతమంది గొంతుల్లో నా గొంతు దాచుకోవడం సులువు.

రెండేళ్లకు షాద్‌నగర్ బస్టాండులో కనబడ్డాడు. తప్పుకుందామనుకునేలోపే వచ్చి సలాం చేశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"సాబ్, చాందినీ ఎట్లున్నది? మంచిగైందా?"

అతనికి తెలియదు.

"మంచిగున్నది," అన్నాను.

ఖాజా ముఖం వెలిగిపోయింది. "నా మాట ఇని గడ్డి కిందనే ఏసిండ్రు గదా సాబ్," అంటూ నా చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు. మూటలు మోసి మోసి కాయలు కాసిన చేతులు. బస్సు వచ్చేదాకా వదల్లేదు.

తర్వాత అతన్ని వెతికానా? లేదు.

చాందినీని పైకి కట్టింది నేను. అది చనిపోయింది. ఈ రెండు మాటలూ చెప్పాల్సింది ఖాజాకు, చెబుతున్నది మీకు. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీకు లేదు. రాశాక గొంతు కాస్త తేలికైంది, అందుకూ సిగ్గుగానే ఉంది. ఎక్కడున్నాడో గానీ, చాందినీ బాగుపడిందనే ఖాజా ఇంకా అనుకుంటూ ఉంటాడు.