బాపు కుదిర్చిన దోస్తు

తొమ్మిదో తరగతిలో నేను జవాబు చెప్పడానికి లేస్తే చాలు, వెనక బెంచీ నుంచి "మే" అని సన్నగా వినిపించేది. క్లాసంతా ముసిముసిగా నవ్వేది. మాకు గొర్ల మంద ఉంది. ఇంట్లో ఉన్నది ఒకటే గది కాబట్టి బాపు గొంగడి, నా పుస్తకాల సంచి ఒకే మేకుకు వేలాడేవి. ఎంత సబ్బు రుద్దుకుని పోయినా ఆ గొంగడి వాసన నాకంటే ముందే క్లాసులోకి పోయేది.

మొదలుపెట్టింది ఆ వెనక బెంచీ పిల్లే. దేవరకొండ పక్క ఊళ్లో బాగా భూమున్న రైతు బిడ్డ. నాకసలే కోపమెక్కువ. ఒళ్లు మండిపోయేది, జుట్టు పట్టుకుని వంచి నాలుగు గుద్దాలనిపించేది. కానీ గొడవైతే బాపును బడికి పిలుస్తారు. సంగతి తెలిస్తే "ఇన్ని మాటలు పడి ఏం చదువు, మంద ఎంట రా" అంటాడు. ఆ భయానికి పళ్లు బిగబట్టి ఊరుకునేదాన్ని. అది ఓర్పని ఇప్పుడెవరైనా మెచ్చుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నాకు వేరే దారే లేదు.

పల్లికాయ పీకాక చేలల్లో మందను దించుతారు. గొర్రెలు పడుకున్న చేనుకు ఎరువు దక్కుతుంది, రైతు మాకు బియ్యం ఇస్తాడు. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, బాపుకు బువ్వ పట్టుకుని కొత్త చేనుకు పోయాను. గట్టు మీద ఆ పిల్ల నిలబడి ఉంది. చేను వాళ్లదట! నాకు తల కొట్టేసినట్టయింది.

మా ఇద్దరిదీ ఒకే బడని తెలిసి బాపు మురిసిపోయాడు. మంద దించిన మొదటిరోజు చేనుగలవాళ్ల ఆడపిల్ల చేతుల్లో గొర్రెపిల్లను పెట్టడం ఆయన పద్ధతి. అప్పుడే పుట్టినదాన్ని తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. ఆమె దాన్ని చెంపకు ఆనించుకుంది. అదే వాసన మరి, అప్పుడు ముక్కు మూసుకోలేదు.

"నా బిడ్డకు దోస్తువా? దానికి కోపమెక్కువ గాని మనసుల ఏముండదు. బడిల జర సూసుకో బిడ్డా" అన్నాడు బాపు.

ఆమె నావైపు చూసింది. చెప్పేస్తానేమోనని కళ్లనిండా బెదురు. మాట నా నోటిదాకా వచ్చింది. చెప్తే ఈ చేను పోతుంది, నా బడి పోతుంది. "ఇద్దరిదీ ఒక్కటే క్లాసు బాపు" అని మాత్రం అన్నాను. ఆమె తల దించుకుంది. ఆ బెదురు నాకు బాగా తెలిసిందే కాబట్టి, నిజంగానే నా కోపం పోయింది. రేపటి నుంచి అంతా బాగుంటుందని కూడా అనుకున్నాను, పిచ్చిదాన్ని.

మర్నాడు లేచి జవాబు మొదలుపెట్టగానే పక్క బెంచీ వాళ్లు "మే" అన్నారు. వెనక్కి తిరిగి చూశాను. ఆమె పుస్తకంలోకి తల వంచుకుంది. అందరూ తనవైపే చూస్తుంటే, చివరికి ఆమె కూడా అంది. నేను జవాబు పూర్తిచేసి కూర్చున్నాను.

ఆ సాయంత్రం చేనుకు పోతే బాపు గొంగడి పరిచి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నీ దోస్తు మంచిగ సూసుకుంటున్నదా బిడ్డా?"

"సూసుకుంటున్నది బాపు" అన్నాను.