కాత్యాయని మేడం చేపల కుంట

కాత్యాయని యూనివర్సిటీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరు. తార్నాకలో రెండు గదుల అద్దె ఇంటి నుంచి రోజూ నడిచే వెళ్ళేది. ఆమె తర్వాత చేరిన మగవాళ్ళు లెక్చరర్లయి, రీడర్లయి, ఎదురుపడితే తలూపి వెళ్ళిపోతుండేవాళ్ళు. ఆమె మాత్రం కప్పల్నీ బొద్దింకల్నీ కోసి చూపిస్తూ ఏళ్ళు గడిపింది. ఫార్మలిన్ వాసన వేళ్ళకు పట్టేసి, అన్నం కలుపుకునేటప్పుడు కూడా పోయేది కాదు. సాయంత్రానికి పిక్కలు లాగేవి.

"మానేయరాదూ?" అనేవాడు భర్త సుందరరావు. ఆయన రైల్వేలో గుమాస్తా.

"మానేసి ఏం చెయ్యను?" అనేది. పిల్లలు లేరు.

ఆమె పుట్టింది కొల్లేటి ఒడ్డున, ఆకివీడు దగ్గర. తండ్రి బడిపంతులు. దొడ్డివైపు జాలరుల ఇళ్ళు. ఊహ తెలిసీ తెలియని వయసులోనే విసురు వల విసరడం వాళ్ళ దగ్గర నేర్చుకుంది. ఆ సంగతి తెలిసిన రోజు తల్లి వీపు చిట్లగొట్టింది. ఆ తర్వాత వల ముట్టలేదు గానీ, చేతులకు ఆ విద్య గుర్తుండిపోయింది.

క్యాంపస్ వెనక, మాణికేశ్వర్ నగర్ వైపు ఒక కుంట ఉండేది. అరవై ఏడులో, వానాకాలం ముగిసే రోజుల్లో, నీటి నమూనాల కోసం ఆమె విద్యార్థుల్ని అక్కడికి తీసుకెళ్ళింది. గట్టెక్కుతుండగానే పెద్ద చప్పుడయింది. నీళ్ళు చెట్టంత ఎత్తు లేచి పడ్డాయి. చూస్తుండగానే కుంట నిండా చేపలు వెల్లకిలా తేలాయి, పెద్దవీ చిన్నవీ, వేలెడు లేని పిల్లలతో సహా. అవతలి ఒడ్డున ఒక యువకుడు మోకాళ్ళ మీద కూలబడి, తన ఎడమచేతిని తానే వింతగా చూసుకుంటున్నాడు.

వాడి పేరు వీరస్వామి. రాళ్ళు కొట్టే ఇంటివాడు. బండలు పేల్చే తోటాను చేపల కోసం నీళ్ళలోకి విసరబోతే, చెయ్యి దాటీ దాటకముందే పేలింది. విద్యార్థుల్లో సమ్మయ్య అనే కుర్రవాడు తువ్వాలు ఇస్తే కాత్యాయని ఆ చేతికి బిగించి కట్టింది. రిక్షాలో తన పక్కనే కూర్చోబెట్టుకుని సికింద్రాబాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ చేతికి చివరికి మిగిలింది బొటనవేలూ, చిటికెనవేలూ.

కట్లు విప్పాక వాడి తల్లి ఈరమ్మ తార్నాక ఇల్లు వెతుక్కుంటూ వచ్చి గడపలో కూర్చుంది.

"అమ్మా, నా కొడుకు ఇగ సుత్తె పట్టలేడు. చెయ్యి పోయినోనికి గుత్తెదారు పనిస్తడా? నువ్వే మీ కాలేజీల ఏదన్న చప్రాసీ నౌకరి ఇప్పియ్యి."

"అక్కడ నా మాట ఎవరు వింటారు ఈరమ్మా? పదేళ్ళుగా నా సంగతే ఎవరూ పట్టించుకోలేదు."

"మరి వాడు ఎట్ల బతకాలె?"

కాత్యాయని తోచిన మాట అనేసింది. "ఆదివారం కుంట దగ్గరికి పంపించు. చేపలు పట్టడం నేర్పిస్తాను."

ఈరమ్మ నోరు తెరిచింది. "చెయ్యి పోయిందే చేపలకు గదమ్మా!"

"అది పట్టడం కాదు ఈరమ్మా. చంపడం."

వల నల్లకుంట మార్కెట్లో చేపలమ్మే ఆమె ద్వారా వచ్చింది. మొదటి ఆదివారం కాత్యాయని కుచ్చిళ్ళు ఎగదోపి నీళ్ళ అంచున నిలబడి, వల అంచును పళ్ళ మధ్య పట్టుకుని, నడుము తిప్పి విసిరింది. సీసం గుళ్ళు నీళ్ళమీద గుండ్రంగా, ఒక్కసారిగా పడ్డాయి. ఇన్నేళ్ళ తర్వాతా పడ్డాయని ఆమెకే ఆశ్చర్యం. గట్టుమీద బట్టలుతికే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. వీరస్వామి నవ్వలేదు.

"నాకు ఒక్క చెయ్యే గదమ్మా."

"పళ్ళున్నాయిగా. ఈ మోచెయ్యి ఉంది. ఎడమ పక్క బరువంతా మోచేతి మీద వేసుకో."

నెలలు పట్టింది. వల ముద్దలా పడేది, తుమ్మకంపకు చిక్కేది, చిరిగేది. వీరస్వామి పళ్ళ చిగుళ్ళు పగిలి నెత్తురొచ్చేది. వానలకు ముందు ఒక ఉదయం వల విచ్చుకుని పడింది. వాడు దాన్ని లాగి, వెంటనే మళ్ళీ విసిరాడు.

వాడిని చూసి బస్తీ కుర్రవాళ్ళు కొందరు చేరారు. అడిక్‌మెట్‌లో గది తీసుకుని చదువుకునే సమ్మయ్య, వాడి స్నేహితులు కూడా వచ్చేవాళ్ళు. ఆమె నేర్పింది చేపలు పట్టడం ఒక్కటే కాదు. బట్టలుతికిన సబ్బునీళ్ళు ఎటు పారాలో, వల కన్ను ఎంత వెడల్పుండాలో, ఏ చేపను వెంటనే వదిలెయ్యాలో చెప్పేది. తొలకరి పడ్డాక, చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో, కుంటను ముట్టుకోకూడదంది. ఒకరోజు నీటిమీద ఎర్రటి మచ్చలాగా కదులుతున్నదాన్ని చూపించింది.

"అవన్నీ కొరమేను పిల్లలు. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఇప్పుడు గాలం వేస్తే సులువుగా పడతాయి, పిల్లల్ని వదిలి పారిపోవు గనక. అందుకే వెయ్యకూడదు."

"కొర్రమట్టలు అట్ల చేస్తయా!" అన్నాడు వీరస్వామి. చేపకు కాపలా ఉంటుందని వాడెన్నడూ అనుకోలేదు.

తోటాల చప్పుడు ఆ ఏడు వినబడలేదు. ఆదివారం కాళ్ళు నొప్పులుగా ఇల్లు చేరినా, కాత్యాయని ఆ నొప్పిని తిట్టుకునేది కాదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చింది. క్లాసులు ఆగిపోయాయి. గేటు దగ్గర నినాదాలు చేసేవాళ్ళలో సమ్మయ్య ముందున్నాడు. ఒకరోజు ఆమెను చూసి గుంపులోంచి బయటికి వచ్చాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

"మేడం, మీరు కొన్ని రోజులు ఇటు రాకుండ్రి. మీ మీద మాకు కోపం లేదు. కానీ అందరు ఒక్కతీరు ఉండరు. మీది ఆంధ్ర."

"నాకు తెలుసు సమ్మయ్యా."

"మా ఊళ్ళె చదువుకున్నోళ్ళు ఖాళీగ తిరుగుతున్నరు మేడం. మా బాధ గూడ చూడాలె."

"తప్పన్నానా? నువ్వు జాగ్రత్తగా ఉండు."

ఇంటికొచ్చి పడుకుంది. ఎవరిమీదా కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. సుందరరావు విజయవాడకు బదిలీ అడిగాడు. సరే అంది. ఎండాకాలమంతా గదిలో కూర్చుని ఫ్యాను కింద వీధి చప్పుళ్ళు వింది.

వానలు పడ్డాక, బదిలీ ఖాయమైన వారం, చెప్పి వెళ్దామని కుంటకు నడిచింది. ఎర్ర మచ్చ కోసం నీళ్ళంతా వెతికింది. ఎక్కడా లేదు. కాసేపటికి వీరస్వామి వచ్చి దూరంగా నిలబడ్డాడు. చిక్కిపోయాడు.

"కొరమేను జంట ఏదీ?"

వాడు తల దించుకున్నాడు. "నేనే పట్టిన అమ్మా. కట్టుడు పనులు బందయినయ్. నెలల సంది అమ్మకు కూలి లేదు. జ్వరంతోని పడుకున్నది. పిల్లల మీదికెల్లే గాలం ఏసిన. మీరన్నట్లే పారిపోలే."

ఆమె బండమీద కూర్చుండిపోయింది. తిట్టాలనుకుంది. కానీ ఆకలికి ఏ పాఠం చెప్పాలో ఆమె చదువులో లేదు.

"మీ అమ్మకెలా ఉందిప్పుడు?"

"లేస్తున్నది." వాడు క్వారీ వైపు చెయ్యి చూపించాడు. "పిల్లల్ని ఇడిసిపెట్టలే అమ్మా. రా, చూపిస్త."

పాడుపడ్డ క్వారీ గుంతలో వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. కొంగలు వాలకుండా పైన తుమ్మకంప పరిచి ఉంది. వాడు చెదలపుట్ట గడ్డొకటి చితిపి నీళ్ళమీద చల్లాడు. ఎర్రటి గుంపు కిందినుంచి పైకి పొంగింది.

"మస్తు సచ్చినయ్. పొద్దుగాల, మాపటికి మేత ఏస్తున్న. చెదలు తింటయని మీరే చెప్పిండ్రు గద. తల్లినైతే తిన్న, గిదన్న జెయ్యాలె గద."

కాత్యాయనికి ఏడుపూ రాలేదు, సంతోషమూ కాలేదు. ఒళ్ళంతా మట్టిబస్తాలా అనిపించింది. అలాగే వంగి నీళ్ళలో వేలు ముంచి చూసింది. "బాగా వేడెక్కుతున్నాయి. మధ్యాహ్నం నీడ చెయ్యాలి. పాత గోనెసంచులు దొరుకుతాయా?"

"దొరుకుతయ్."

ఇంటికి వెళ్ళి సుందరరావుతో, "మీరు ముందు వెళ్ళండి. నేను తర్వాత వస్తాను," అంది.

"తర్వాతంటే?"

"పిల్లలు కుంటలోకి దిగాక."

ఆయన ఆమె ముఖం చూసి, ట్రంకుపెట్టెలో తన బట్టలు సర్దుకున్నాడు. భార్య ఇంత నెమ్మదిగా, ఇంత గట్టిగా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు.

పిల్లల్లో చాలా వరకు దక్కలేదు. మిగిలినవి జానెడైనాక, బిందెల్లో మోసుకొచ్చి కుంటలో వదిలారు. ఈరమ్మ కూడా ఒక బిందె ఎత్తింది. సమ్మయ్య లాఠీదెబ్బతో కుంటుకుంటూ వచ్చాడు. ఉద్యమం మాట ఎత్తలేదు. "మేడం, మీరు కూసోండ్రి," అని ఆమె చేతిలోని బిందె తీసుకున్నాడు.

కాత్యాయని ఇక్కడే ఉండిపోయింది. విజయవాడకు పండగలకు వెళ్ళొచ్చేది, అంతే. క్లాసులు మళ్ళీ మొదలయ్యాయి. ఉద్యోగం అదే, జీతం అదే, ఫార్మలిన్ వాసనా అదే. ఆదివారాలకు మునుపటంత మంది రాలేదు. ఒక్కోసారి ముగ్గురే. వాళ్ళకు వల విసరడం వీరస్వామి నేర్పేవాడు. చేపపిల్లల గుంపు కనబడితే గాలం తీసెయ్యమని అరిచేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, చెప్పమన్నట్లు ఆమెవైపు చూసేవాడు. ఆమె బండమీద కూర్చుని పిక్కలు ఒత్తుకుంటూ, మళ్ళీ మొదటినుంచి చెప్పేది.