ముందు లోపం, తర్వాత ధర

సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో పాత కుట్టుమిషన్లు బాగుచేసి అమ్మే మా చాచా ఇక లేరని ఆయన కొడుకు చెప్పాడు. ఆ కొట్లో ఆరేళ్లు పనిచేశాను. ఇవాళ చంపాపేట్‌లో నాకంటూ ఒక కొట్టు ఉందంటే ఆయన నేర్పిన పని వల్లే.

మీలో ఎవరైనా ఆయన దగ్గర కొని ఉంటే గుర్తుండే ఉంటుంది. కొన్న ధర, బాగుచేయడానికైన ఖర్చు, తన లాభం విడివిడిగా చెప్పేవారు. లోపం ఉంటే ధర కంటే ముందు అదే చెప్పేవారు. "దాచి అమ్మితే హలాల్ కాదు బేటీ, ఆ పైసల్ల బర్కత్ ఉండదు" అనేవారు. వచ్చిన బేరాలన్నీ పోతుంటే ఇంకేం బర్కత్, ఏం కలిసిరావడం అని లోపల గొణుక్కునేదాన్ని.

ఒకసారి ఆయన లేనప్పుడు తుర్కయంజాల్ నుంచి వచ్చిన ఒకామెకు మిషన్ అమ్మాను. పల్చటి గుడ్డ మీద కుట్టి చూపించాను. దళసరి గుడ్డ వేస్తే అది కుట్లు వదిలేస్తుందని నాకు తెలుసు. నమాజు నుంచి వచ్చిన చాచా ఆ మిషన్ లేకపోవడం చూసి, "ఏ గుడ్డ మీద చూపించినవ్?" అని ఒకటే అడిగారు. నా మొహం చూసి కొట్టు మూసేశారు. బిల్లుపుస్తకంలో ఆమె అడ్రసు చూసి, మంచి మిషనొకటి ఆటోలో పెట్టించి నన్నూ ఎక్కమన్నారు.

"మీరే చెప్పుండ్రి చాచా, నాకు సిగ్గయితది."

"అమ్మింది నువ్వు. చెప్పాల్సింది నువ్వే."

ఆమె ఇంట్లో స్కూలు యూనిఫాం ప్యాంట్లు కత్తిరించి కుప్పగా పెట్టి ఉన్నాయి. నన్ను చూసి, "ఏందక్కా, పైసలు తక్కువిచ్చిన్నా?" అంది. తల దించుకుని నిజం చెప్పాను. ఆమె ఆ కుప్పవైపు చూసింది. "గీ ప్యాంట్లు ఖరాబైతే మళ్ల నాకు పనెవరిస్తరు?" అంది.

చాచా పాతది వెనక్కి తీసుకుని, అదే ధరకు మంచి మిషన్ దించి ఇచ్చారు. తిరిగొచ్చేటప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. ఆ రోజు నన్ను ఎంత పెద్ద తప్పులోంచి బయటికి లాగారో ఆయన ఉండగా చెప్పలేకపోయాను. ఆ బాధ ఉంది.

నిన్న మళ్లీ నా కొట్టు తెరిచాను. ఈ నెల కిరాయి ఇంకా కట్టలేదు. వచ్చినాయనకు మిషన్ లోపం చెప్పాను. "గిట్ల చెప్తే ఎవరు కొంటరమ్మా?" అంటూ పక్క కొట్టుకు పోయాడు. వెనక్కి పిలవలేదు. ఒక అట్టముక్క మీద 'దళసరి గుడ్డకు పనికిరాదు' అని పెద్దక్షరాలతో రాసి ఆ మిషన్‌కు కట్టాను. ఫ్యాన్ గాలికి అట్ట వెనక్కి తిరిగింది. లేచి, రాత రోడ్డువైపు ఉండేలా తిప్పి, రెండో కొసకు కూడా తాడు వేసి బిగించాను.